ఎడమకు తెరుచుకున్న తలుపు

ఎస్తెఫా కొర్దోవా బస్సులు ఆగే చోట ఉడికించిన దుంపలూ జున్నుముక్కా అమ్ముకుని బతికింది. మొగుడు లిబొరియో పోయాక ఆమె ఉన్నదంతా అద్దె గదుల్లోనే. సకల పునీతుల పండుగనాడు, మిట్టమధ్యాహ్నం వేళ, పోయినవాళ్ళు తమ ఇళ్ళకు వస్తారు. వాళ్ళకిష్టమైనవి బల్లమీద పెట్టి తలుపు తీసి ఉంచాలి. ఆమె కూడా ఏటా గొర్రెతలకాయ పులుసూ, పాప బొమ్మలా కాల్చిన రొట్టే పెట్టేది. కానీ గది తలుపు తీస్తే ఇంటివాళ్ళ వాకిలి, వాకిట్లో వాళ్ళ కుక్క.

"బతికున్నప్పుడే ఆయనకు కుక్కలంటే హడలు. ఈ మొరుగుడు వింటే సందు మొదట్లోంచే వెనక్కి పోతాడు" అని కూతురితో అనేది. ఎవరూ లేనప్పుడు అదే తలచుకుని ఏడ్చేది.

అందుకే ఊరిచివర, ఏటవాలు మీద, అక్క ఇచ్చిన చిన్న నేలముక్కలో ఒంటిగది ఇల్లు మొదలుపెట్టింది. మట్టీ గడ్డీ తొక్కి ఇటుకలు తనే పోసుకుంది. ఈ ఏడు బల్ల తన ఇంట్లో వెయ్యాలి, తన తలుపు తను తియ్యాలి. కోరిక అంతే.

గోడలు లేపడానికి ఇరుగుపొరుగంతా వచ్చారు. ఎస్తెఫా అల్లుడు రొములోయే పెద్ద మేస్త్రీ. పచ్చి ఇటుక మేకును పట్టదు. కాబట్టి గుమ్మానికి రెండు వైపులా, కట్టేటప్పుడే, ఇటుకల మధ్య చెక్క దిమ్మెలు పెట్టుకుంటూ పోవాలి. ద్వారబంధాన్ని తర్వాత ఆ దిమ్మెలకే బిగిస్తారు. ఎడమ గోడ పొద్దున లేచింది. మధ్యాహ్నం అన్నాలతోపాటు మొక్కజొన్న కల్లు కుండలొచ్చాయి, పాటలు మొదలయ్యాయి, కుడి గోడ ఆ ఊపులోనే లేచింది. పైన పూత కూడా పూసేశారు.

పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా వడ్రంగి తెయోదోసియో ద్వారబంధం మోసుకొచ్చాడు. లిబొరియో చిన్ననాటి స్నేహితుడతను. చట్రం నిలబెట్టి, తూకపుగుండు వేలాడదీసి నిలువు చూసి, సుత్తితో గోడ తట్టాడు. ఎడమవైపు టకటకమని చెక్క పలికింది. కుడివైపు కింది నుంచి పైదాకా తట్టినా మట్టి చప్పుడే.

"అల్లుడూ, ఈ పక్క దిమ్మెలు ఎక్కడ దాచావయ్యా?"

"ఉండే ఉంటాయి మామా. ఇంకాస్త పైన కొట్టు."

"కొట్టాను. పొద్దున మీరు కట్టింది గోడ. అన్నాలయ్యాక కట్టింది పాట."

రొములో బుర్ర గోక్కున్నాడు. "పెద్ద మేకులు దిగేసి పైన మట్టి మెత్తేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"తలుపుకి తెలుస్తుంది. తలుపు తిరిగే బందులు వచ్చేది ఈ పక్కే, బరువంతా ఇక్కడే. నాలుగుసార్లు తీసి వేస్తే ఊడి వదిన కాళ్ళమీద పడుతుంది. గోడ తొలిచి దిమ్మెలు పెడతా, కానీ ఈ వానల్లో పండక్కి మట్టి ఆరదు."

దుంపలు చెక్కుతున్న ఎస్తెఫా చేతిలో కత్తి ఆగిపోయింది.

"అయితే ఈ ఏడూ కుక్క వాకిలేనా?" అని అల్లుడి వైపు తిరిగింది. "నా కూతుర్ని అడగడానికొచ్చినప్పుడు, కళ్ళు మూసుకుని గోడ కడతానన్నావు. గొప్పలకి అన్నావనుకున్నానురా!"

తెయోదోసియో చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక దారుంది వదినా. బందులు ఎడమకి మారుస్తా. అక్కడి దిమ్మెలు బరువు మోస్తాయి. కుడిపక్క గొళ్ళెమే కాబట్టి, ఆరేదాకా నువ్వు తలుపు మెల్లగా వేసుకుంటే చాలు. కాకపోతే నీ మంచం..."

పొయ్యి ఎడమవైపు కట్టేశారు, పొగగూడుతో సహా. మంచం కుడివైపే వెయ్యాలి. తలుపు కుడికి తెరుచుకుంటే రెక్క లోపలికి తిరిగి మంచాన్ని కప్పుతుంది. ఎడమకు తెరుచుకుంటే సందులో పోయేవాళ్ళందరికీ పడక కనిపిస్తుంది. అద్దె గదుల్లో వచ్చేపోయేవాళ్ళంతా తన పడక చూస్తుంటే సిగ్గుతో చితికిపోయిన ఎస్తెఫా, ఇక్కడ మాత్రం ఎవరికీ కనపడకూడదని ముందే పట్టుబట్టి చెప్పింది.

ఎస్తెఫా చెయ్యి తుడుచుకుని సందులోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి గుమ్మంలోకి చాలాసేపు చూసింది.

"అంత దూరం నడిచొచ్చే మనిషికి ముందు కనపడాల్సింది పొయ్యా, మంచమా?"

"లిబొరియోకా?" తెయోదోసియో నవ్వాడు. "దుంపలు తవ్వుతూ తవ్వుతూ గునపం మీద ఆనుకుని నిద్రపోయేవాడు. మంచమే."

ఆమెకూ నవ్వొచ్చింది. "అయితే ఎడమకే పెట్టు మరిదీ. మంచి దుప్పటి పరుస్తాను."

పండుగనాడు మిట్టమధ్యాహ్నం చర్చి గంట మోగగానే గొళ్ళెం తీసి, కుడి నిలువు చెక్క కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, తలుపు నిదానంగా తెరిచింది. బల్లమీద పులుసు పొగలు కక్కుతోంది. ఆమె బల్ల పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

సందులో పోతున్న పొరుగామె గుమ్మానికి ఎదురుగా ఆగింది. "ఒసే ఎస్తెఫా, నీ మంచం కనపడుతోందే!"

"కనపడాలనే. నువ్వు కాస్త పక్కకు జరుగు, దారికడ్డం నిలబడ్డావు."