ఎర్రచుక్క మంద

కోదాడలో బస్సెక్కిన రాజ్‌కుమార్‌కు కిటికీ పక్క సీటు దొరికింది. ఆ రోజుకి అతని అదృష్టం అంతే. వేములపల్లిలో దిగి ఇంటికెళ్లాక నాన్నకు చెప్పాల్సిన మాట ఒకటుంది. అదెలా చెప్పాలో మిర్యాలగూడ వచ్చినా తోచలేదు.

ఈ పైలట్ పిచ్చి ఎప్పుడు పట్టిందని అడగకండి. పట్టింది. గొర్రెలు కాసే లింగన్న కొడుక్కి పట్టకూడదని చట్టమేమైనా ఉందా? కాకపోతే అది పట్టేనాటికే ఒక పొరపాటు జరిగిపోయింది. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లాడంటే ఊరందరి దృష్టిలో కాబోయే డాక్టరే కదా, తీసుకెళ్లి మిర్యాలగూడ కాలేజీలో బైపీసీలో వేశారు. పైలట్‌కు కావలసింది ఫిజిక్సూ లెక్కలూ. ఆ సంగతి బైపీసీ పూర్తయ్యాక తెలిసింది. సూర్యాపేటలో ఒక హాస్టల్లో వార్డెన్‌గా కుదురుకుని, ఓపెన్ స్కూల్లో లెక్కలు మొదటినుంచీ చదివాడు. రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాడు.

"ఇగ అయిపోయినట్టేనా బిడ్డా?" అన్నాడు లింగన్న.

అప్పుడే ఎక్కడ! వాతావరణం మీద ఒక పేపరు, దారి కనుక్కోవడం మీద ఒకటి, గాలిలో పాటించాల్సిన నియమాల మీద ఇంకొకటి, విమానం యంత్రాల మీద మరొకటి. పాసైన పేపర్లకూ గడువుంటుంది. ఆలోపు లైసెన్సు రాకపోతే కథ మళ్లీ మొదటికే. పేపర్లయ్యాక రెండు వందల గంటలు విమానం నడపాలి. గంటలే కదా అని సంబరపడకండి. వాన పడితే ఆగుతుంది, మబ్బేస్తే ఆగుతుంది, విమానం ఖాళీ లేకపోతే ఆగుతుంది. రెండేళ్లయినా పట్టొచ్చని కొడుకు చెబితే, "మన గొర్లే నయంరా" అన్నాడు లింగన్న. అయినా విమానం ఫీజు కట్టే రోజంటూ వస్తే మంద మొత్తం అమ్మేస్తానని భార్య అచ్చమ్మతో గట్టిగా చెప్పాడు. ఎన్నేళ్లని వింటుంది, ఆమెకూ విసుగొచ్చింది.

పైలట్‌కు తప్పనిసరైన వైద్య పరీక్షను మాత్రం పేపర్లన్నీ పాసయ్యేదాకా వాయిదా వేశారు. ముందు అదే చేయించుకొమ్మని తోటి వార్డెన్ చిరంజీవి చెప్పనే చెప్పాడు. లింగన్న కొట్టిపారేశాడు.

"రోగం లేనోడు దవాఖానకు ఎందుకు పోతడురా? ఎండల పొద్దంత తిరిగే పానం. గాడికి పోతే లేని రోగం అంటగడ్తరు."

రాజ్‌కుమార్‌కూ అదే నిజమనిపించింది. ఊహ తెలిసినప్పటినుంచీ జ్వరమొచ్చి పడుకున్నవాడు కాదు.

తీరా పోయిన వారం హైదరాబాదులో డాక్టరు ఒక పుస్తకం ముందుపెట్టి, రంగురంగుల చుక్కల మధ్య ఏ అంకె కనబడుతోందని అడిగాడు. రాజ్‌కుమార్‌కు చుక్కలే కనబడ్డాయి. డాక్టరు పేజీ తిప్పాడు. మళ్లీ చుక్కలే. పనికిరావన్నారు. నమ్మబుద్ధి కాక కోదాడలో కళ్ల డాక్టరు రజని గారి దగ్గరికి వచ్చాడు. ఆవిడా అలాంటి పుస్తకమే తీసింది.

"ఎరుపుకీ ఆకుపచ్చకీ మీకు తేడా తెలియడం లేదండీ. ఇది పుట్టుకతో వచ్చేది. మందు లేదు, ఆపరేషన్ లేదు. చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

ఎలా గమనిస్తారు? లింగన్న మంద వీపుల మీద ఎర్రచుక్క, పక్కింటి జగదీష్ మంద మీద ఆకుపచ్చ చుక్క. కోతలయ్యాక పొలాల్లో రెండు మందలూ కలిసిపోతే అందరూ చుక్క చూసి విడదీసేవారు. రాజ్‌కుమార్ మొహాలు చూసి విడదీసేవాడు, ఒక్కటీ తప్పేది కాదు. "నా కొడుక్కి సుక్కతోటి పనిలేదు" అని లింగన్న ఊరంతా చెప్పుకుని మురిసేవాడు. కాలేజీలో రికార్డు బొమ్మల్లో ఆకులకు గోధుమరంగు వేస్తే, ఎండుటాకులా అని లెక్చరర్ నవ్వాడు. రాజ్‌కుమార్ కూడా నవ్వేశాడు.

ఇంటికి చేరేసరికి లింగన్న దొడ్డి తడిక కడుతున్నాడు.

"నాయినా, నాకు కొన్ని రంగులు కనబడయట. ఇగ విమానం ఖతం."

లింగన్నకు అర్థం కాలేదు. ఎదురుగా ఉన్న గొర్రె వీపు చూపించి, "గిదేం రంగురా?" అన్నాడు.

"మనదని ఎర్రదంటున్న. నాకు మట్టి లెక్క కనబడుతది. జగదీషన్న వాల్లదీ గట్లనే."

లింగన్న తడిక వదిలేసి కింద కూలబడ్డాడు. "మొఖం గుర్తుపడ్తున్నవని మురిసిన గని, సుక్క ఎందుకు సూస్తలేవని ఒక్కనాడన్న అడగకపోతి బిడ్డా" అన్నాడు. ఓదార్చే ఓపిక రాజ్‌కుమార్‌కు లేదు. ఎనిమిదేళ్ల అలుపంతా ఒక్కసారే మీద పడింది. అన్నం కూడా తినకుండా పడుకున్నాడు.

వానలకు ముందు మందకు మళ్లీ రంగు వేసే రోజులొచ్చాయి. లింగన్న మిర్యాలగూడ పోయి డబ్బా తెచ్చాడు. మూత తీయగానే అచ్చమ్మ, "ఎర్రది దొరకలేదా?" అంది. ఆయన పుల్ల ముంచి ఒక గొర్రె వీపు మీద చుక్క పెట్టి, కొడుకును పిలిచాడు.

"నీలం. ఇది కనబడుతదా బిడ్డా?"

"కనబడుతది నాయినా."

"అయితే గా పొట్టేలును పట్టు."

అమ్మేయాల్సిన మందకు తండ్రీకొడుకులిద్దరూ పొద్దుగూకేదాకా నీలం చుక్కలు పెట్టారు.