అవ్వ ఊదిన బాకా

మొన్న మహబూబ్‌నగర్‌లో ఒక పెళ్లి బరాత్ ఎదురైంది. బాకా ఊదేవాడి బుగ్గలు ఉబ్బడం చూస్తే మా అవ్వ గుర్తొచ్చింది.

అప్పుడు నేను రెండో తరగతి. పక్కింటి లచ్చమ్మ నవ్వుతూ, "మీ అవ్వ పొద్దంత నీ బాకానే ఊదుతది పిల్లా" అంది. అవ్వకు దమ్ము జబ్బు. నేను బడికి పోయాక ఎక్కడో దాచిన బాకా తీసి ఊదుతోందని, అందుకే ఊపిరి ఆడటం లేదని అనుకున్నాను. మంచం కింద, వడ్ల బస్తాల వెనక వెతికినా దొరకలేదు. చివరికి ఆమె కొంగు పట్టుకుని ఏడ్చాను.

"అవ్వా, నా బాకా ఊదకే. నీకు దమ్ము ఎక్కువైతాంది."

సంగతి అర్థమయ్యాక అవ్వకు నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. "పిచ్చి బిడ్డా, ఊదుడంటే నువ్వు మంచిగ చదువుతవని నలుగురికి చెప్పుడే. నాకు గంతకన్న పనేమున్నది?"

ఆ చలికాలం ఆమెను దవాఖానలో చేర్చారు. అక్కడా ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి నర్సుతో, "గిది నా మన్మరాలు. పేపరు గడగడ చదువుతది" అంది.

నర్సు అవ్వ మాస్కు సరిచేసి, బల్ల మీది పేపరు నా చేతికిచ్చింది. "ఏదీ, చదువు బిడ్డా."

తడబడుతూ, సగం మాటలు తప్పుగా చదివాను. అక్షరం ముక్క రాని మా అవ్వ మాత్రం ప్రతి మాటకూ నర్సు వైపు చూస్తూ గర్వంగా తల ఊపింది.