బూట్ల డబ్బాలో తలకిందులైన పొగగొట్టం

గోదావరిఖనిలో సర్కారు బడి సైన్సు సారు లింగమూర్తికి తెలియని విషయం ఉండదు. ఉన్నా ఒప్పుకునే అలవాటు లేదు. ఆ సంగతి బడిలో అందరికీ తెలుసు, చివరగా తెలిసింది ఆయనకే.

రెండువేల తొమ్మిదిలో కరీంనగర్‌లో ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టారు. పాఠాలకు కావలసిన బొమ్మలు, ప్రయోగాలు, పరిశోధనలు అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయని అక్కడ చెప్పారు. భోజనం బరువుకు సగం సంగతులు నిద్రలో కలిసిపోయినా, మర్నాడు లింగమూర్తి స్టాఫ్ రూంలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఇగ పుస్తకం పట్టుకొని చదివి చెప్పుడు బంద్. నెట్టుల లేని పాఠం లేదు. మీకేం కావాల్నన్నా నన్నడుగుండ్రి," అన్నాడు.

తెలుగు పండితుడు బిక్షం చాయ్ తాగుతూ, "నీకు కంప్యూటర్ వస్తదా సారూ?" అని అడిగాడు.

"వచ్చుడేంది, అది పెద్ద పనా?" అన్నాడు లింగమూర్తి. నిజానికి ఆయన అప్పటిదాకా కంప్యూటర్‌ను బ్యాంకులో అద్దం అవతలి నుంచి మాత్రమే చూశాడు.

ఆ సాయంత్రమే చౌరస్తా దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్లాడు. దాన్ని నడిపే సుహాసిని, కోస్తా నుంచి బొగ్గుగనుల కంపెనీలో ఉద్యోగానికి వచ్చిన ఇంజినీరు కూతురు. ఆమె ఒక సీటు చూపించి, వెతికే పేజీ తెరిచిపెట్టి వెళ్లింది. గడిలో ఏం రాయాలో ఆయనకు తోచలేదు. అడిగితే పరువు పోతుంది. పెద్దవాళ్లకు అర్జీ పెట్టుకునే పద్ధతి మాత్రం బాగా తెలుసు కనుక, ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ ఇంగ్లీషులో, గౌరవనీయులైన అయ్యగారికి, ఎనిమిదో తరగతికి కాంతి పాఠం దయచేసి పంపగలరని మనవి, ఇట్లు మీ విధేయుడు, అని రాసి, తన పేరు కింద బడి పేరు కూడా చేర్చాడు. తెర మీద ట్యూబులైట్ల దుకాణాలు, ఒళ్లు తగ్గించే మందులు వచ్చాయి.

వెనక నుంచి చూసిన సుహాసిని నవ్వు ఆపుకుంది. "మాస్టారూ, దానికి దండం పెట్టక్కర్లేదండీ. మూడు ముక్కలు రాస్తే చాలు. మీకేం కావాలో చెప్పండి."

పరువు అప్పటికే పోయింది కాబట్టి లింగమూర్తి నిజం చెప్పేశాడు. ఆమె ఒక వాక్యం కొట్టి వెతికింది. ఎక్కడో విదేశంలోని ఒక టీచరు పెట్టిన పేజీ దొరికింది. అట్టపెట్టెకు సన్నని రంధ్రం పెట్టి కెమెరా చేసే విధానం, బొమ్మలతో సహా ఉంది. లింగమూర్తి ప్రింటు తీసుకుని ఇంటికి పరుగెత్తాడు.

తమ్ముడు ఎల్లేశం గనిలో పని చేస్తాడు. అతనికి కంపెనీ ఇచ్చిన బూట్ల డబ్బా ఖాళీగా ఉంటే తెచ్చుకున్నాడు. సన్నని రంధ్రం అన్నచోట మేకుతో శనగగింజంత బొక్క పొడిచాడు. వెనకవైపు పల్చటి కాగితం అంటించాలని ఉంటే, గట్టిగా ఉంటుందని మందపు చార్టు అంటించాడు. కాగితంలో రాసినదాని కంటే తనకు ఎక్కువ తెలుసని ఆయన నమ్మకం.

మర్నాడు పిల్లలందరినీ ఆవరణలోకి పిలిచి, బిక్షంను కూడా రప్పించాడు. తల మీద దుప్పటి కప్పుకుని డబ్బాలోకి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనబడలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చెమట పట్టింది. పిల్లలు ఎదురుచూస్తున్నారు.

"కరెంటు లేదు గదా, అందుకే వస్తలేదు," అనేశాడు దుప్పట్లో నుంచి.

శ్రీలత అనే పిల్ల మెల్లగా అడిగింది. "సార్, డబ్బాకు కరెంటుతోటి ఏం పని?"

దుప్పటి తీయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. లోపలే కూర్చుని, తన మాట తనకే వినబడి, ముందు సిగ్గుపడి తర్వాత నవ్వాడు. దుప్పటి ఊగడం చూసి పిల్లలూ నవ్వారు.

"పిల్లలూ, నేను తప్పు చేసిన. ఏడ తప్పు చేసిన్నో తెల్వదు. చూసుకొని వస్త," అన్నాడు బయటికొచ్చి. ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్లల ముందు తెల్వదు అనడం అదే మొదలు.

మళ్లీ నెట్ సెంటర్‌కు వెళ్లి ఆ పేజీ చివరిదాకా చదివాడు. కింద టీచర్లు రాసుకున్న ముచ్చట్లున్నాయి. ఒకరు రంధ్రం పెద్దగా పెట్టారట. ఒకరు మందపు కాగితం అంటించారట. తనలాంటి తెలివిగలవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని తెలిసి లింగమూర్తికి ప్రాణం లేచి వచ్చింది.

ఈసారి సూదితో రంధ్రం పెట్టి, నూనె రాసిన కాగితం అంటించాడు. డబ్బాను రామగుండం కరెంటు ప్లాంటు వైపు తిప్పి ముందు శ్రీలతకే ఇచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

"సార్, పొగగొట్టం తలకిందులున్నది. పొగ కిందికి పోతున్నది," అంది. పిల్లలంతా వంతులేసుకుని చూశారు. బిక్షం రెండుసార్లు చూశాడు.

అప్పటినుంచి లింగమూర్తి డ్యూటీకి వెళ్లినట్టు రోజూ నెట్ సెంటర్‌కు వెళ్లేవాడు. దొరికినవి తెలుగులోకి రాసుకునేవాడు. తన తెలుగు తనకే అర్థం కాకపోతే బిక్షం దిద్దేవాడు. రెండేళ్లకు అదే పిల్లలు పదో తరగతికొచ్చేసరికి ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చి బడులు మూతబడ్డాయి. సార్లు ధర్నాల్లో, గని కార్మికులు సమ్మెలో. సమ్మె ముగిశాక మిగిలిన పాఠాలను ఆదివారాలు కూడా బడి పెట్టి, ఆ తెలుగు కాగితాలను జిరాక్స్ తీసి పంచి పూర్తి చేశారు. పిల్లలు బాగానే పాసయ్యారు.

ఫలితాలొచ్చిన రోజు లింగమూర్తి స్టాఫ్ రూంలో గొంతు సవరించుకున్నాడు. "అంతా నా కాగితాల మహిమ," అన్నాడు.

"పిల్లలు చదివిండ్రు సారూ," అన్నాడు బిక్షం.

లింగమూర్తి, "అదీ నిజమే గని, గీ ముచ్చట జర ఆగి చెప్తే ఏం పోతుండె," అని చాయ్ అందుకున్నాడు.