తాడిచెట్ల మెరక మీది బావి

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మొన్న ఆదివారం ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. సమాధి దగ్గర అందరూ ఆయన మంచి మాస్టారని చెప్పారు. బావి మాట ఒక్కరూ ఎత్తలేదు. అందుకే, హైస్కూలు విడిచాక ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను ఈ కలం పట్టాను.

ఆయన బెజవాడలో భూగోళం చెప్పేవారు. వేసవి సెలవులకు మా ఊరొస్తే చెప్పులు విడిచి చేలగట్ల మీద తిరిగేవారు. కాలికి ఇసుక తగిలితే చాలు, చిన్నపిల్లాడి నవ్వు.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. ఆ పై వేసవికి కాలవ కట్టేశారు. ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. పసిపిల్లలకు పట్టడానికి కూడా మంచినీళ్ళు లేవు.

"తాడిచెట్లు బారుగా నిలబడ్డ ఆ మెరక చూశావా అమ్మాయ్? ఒకప్పటి సముద్రపు ఒడ్డు అది. అక్కడ తవ్విద్దాం" అన్నారు బావగారు.

సముద్రం మా ఊరికి ఎక్కడో దూరం. నేను ఆ తాడిచెట్ల వంక మళ్ళీ చూశాను.

తవ్వారు. ఇసుక, ఇంకా ఇసుక, దాని కింద తెల్లటి గవ్వలు, ఆల్చిప్పలు! మేస్త్రీ పార కింద పడేశాడు.

"ఇహ ఆపండి మాస్టారూ. గవ్వలొచ్చాయంటే ఉప్పేనండీ."

"గవ్వలు తాగుతామా ఏంటయ్యా? తవ్వు."

"వీడు సముద్రాన్ని ఊళ్ళోకి తెచ్చేట్టున్నాడర్రా!" అని మా అత్తగారు దెప్పారు.

బావగారి మొహం వెలిగిపోతోంది. "తేవడానికి నేనెవర్నమ్మా? అదే వచ్చింది, అదే పోయింది. వానలకు మంచి ఏడూ చెడ్డ ఏడూ ఉన్నట్టే దానికీ పెద్ద పోటూ పాటూ ఉన్నాయి. ఒక్కో విడతలో మన తరాలెన్నో గడిచిపోతాయి. అది పోయాక ఈ ఇసుక ఎన్ని వానలు తాగిందో!"

"ఇవి నోవహు జలప్రళయం నాటివా బావగారూ?" అన్నాను మెల్లగా.

"ఏమోనమ్మా. దేవుడు సముద్రానికి చెలియలికట్ట ఒక్కసారే గీసి ఊరుకున్నట్టు లేదు. జరుపుతూనే ఉన్నాడు."

ఊట కనపడింది. ఎవరూ చెయ్యి చాపలేదు. ప్రార్థన చేసుకుని నేనే దోసిలి పట్టాను.

"తీపండీ! తీపి!"

నేను అంత గట్టిగా అరవడం మా ఆయన వినడం అదే మొదటిసారట. అత్తగారు దోసెడు తాగి, తడి చేత్తో కొడుకు తల నిమిరారు.

"ఈ మెరక ఇసుక అమ్ముకోకండి. ఇది పోతే తీపీ పోతుంది" అని ఆయన ఏటా చెప్పేవారు. "సముద్రం మళ్ళీ రానని నాకేమీ మాటివ్వలేదు" అని నవ్వేవారు.

ఆయన సమాధినీ ఆ మెరక చివరే తవ్వారు. పారకు గవ్వలు తగిలాయి. అందరూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం "బావగారూ, చూశారా!" అని కేకెయ్యాలనిపించింది.

ఈ కాగితాలు ఇంట్లోనే ఉంచండి, ఎవరికీ చూపించకండి. ఆయన గురించి ఎవరైనా అడిగితే, ఆ బావిలోంచి ఒక చేద తోడి ఇవ్వండి.