కెమెరా మామ కుడికన్ను

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో ఫోటో అంటే హడలిపోయే మగవాళ్ళు ఉండేవారు. చుట్టుపక్కల పల్లెల కక్షల్లో ఇరుక్కుని, ఊరొదిలి వచ్చి, ఏ నూనెమిల్లులోనో వేరే పేరుతో బతికేవాళ్ళు. ఫోటో పగవాడి చేతిలో పడితే మనిషి దొరికిపోయినట్టే. పెళ్ళిలో కెమెరా తమవైపు తిరిగితే చాలు, కండువాతో ముఖం కప్పుకునేవారు. అది చూసి మేం పిల్లలం పగలబడి నవ్వేవాళ్ళం.

మా వీధిచివర ఫోటో స్టూడియో నడిపే ఆయన్ను అందరం కెమెరా మామ అనేవాళ్ళం. మద్రాసులో సినిమాలకు ఛాయాగ్రాహకుడిగా పనిచేసి, భార్య పోయాక సొంత ఊరు చేరిన మనిషి. సినిమా చదువు చదవాలనే పిచ్చి ఉన్న కుర్రాళ్ళు పులివెందుల నుంచీ జమ్మలమడుగు నుంచీ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. వాళ్ళకు ఊరికే నేర్పేవాడు, తన కంచంలోది పెట్టేవాడు. ఫిల్ము దొరకడమే గగనమైన ఆ రోజుల్లో తన రీళ్ళు వాళ్ళ చేతిలో పెట్టి, పాడు చేయండి, పాడు చేయకుండా ఎవరికీ పని రాదు అనేవాడు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. మనిషిని అడగకుండా వాడి ఫోటో స్టూడియో ముందున్న అద్దాల పెట్టెలో పెట్టకూడదు.

ఆ శిష్యుల్లో మా అన్న అందరికంటే చురుకైనవాడు, అందరికంటే పొగరుబోతు కూడా. మద్రాసులో సినిమా చదువుకు ప్రవేశపరీక్ష రాయమని పిలుపు రావడంతో వాడి కాళ్ళు నేలమీద నిలవలేదు. ఒక సాయంత్రం ఎదురుగా టీ అంగడిలో కూర్చున్న మిల్లు కూలీని వాడికి తెలియకుండా ఫోటో తీశాడు. ఏటవాలు ఎండ చెంపమీద పడి, గ్లాసులోంచి ఆవిరి లేస్తూ, ఆ ఫోటో నిజంగానే గొప్పగా ఉండేది. మామ పనిమీద జమ్మలమడుగు వెళ్ళినప్పుడు అన్న దాన్ని పెద్దది చేసి అద్దాల పెట్టెలో నడిమధ్యన పెట్టాడు. మామ తిరిగొచ్చి చూస్తూనే అన్న చెంప పగలగొట్టి, ఫోటో పీకేశాడు. కానీ ఆ రోజు సంత. చూడకూడనివాళ్ళు చూడనే చూశారు. వారం తిరక్కుండానే ఆ కూలీని మిల్లు గేటు దగ్గర నరికేశారు.

నరికినవాళ్ళ నాయకుడు ఒక పార్టీ జెండా మోసేవాడు, చచ్చినవాడి నాయకుడు ఇంకో పార్టీ జెండా. ఆ ఏడు మొదటివాడి పార్టీదే రాజ్యం. అందుకని చచ్చినవాడి బంధువులు నరికినవాళ్ళ గడప తొక్కలేకపోయారు. సులువుగా దొరికే గడప ఒకటి కనబడింది, అక్కడికి వచ్చారు. ఆ మధ్యాహ్నం అన్నకు సంగటి తీసుకొచ్చి నేను స్టూడియోలోనే ఉన్నాను.

"ఆ ఫోటో తీసినోడు ఎవుడు?" అని అడిగాడు చచ్చినవాడి చిన్నాన్న.

మా అన్న గోడవైపు జరిగాడు. మామ వాణ్ణి వెనక్కి నెట్టి ముందుకొచ్చాడు.

"నేనే తీసినానప్పా. అద్దంలో పెట్టిందీ నేనే. ఈ పిల్లోళ్ళకేం తెల్దు."

"యా కంటితో జూసి తీసినావు?"

మామ వేలితో తన కుడికన్ను చూపించాడు. ఇద్దరు ఆయన్ను అదిమి పట్టుకున్నారు. చిన్నాన్న కొడవలి మొనతో ఆ కన్ను తీసేశాడు. మా అన్న గోడకు అతుక్కుని అంతా చూశాడు. ఆ అరుపు గురించి నేను రాయలేను.

జమ్మలమడుగు ఆసుపత్రిలో కట్లతో పడుకుని కూడా మామ అన్న పరీక్ష గురించే అడిగాడు. "ఏడుస్తా కుచ్చుంటే పరీచ్చ నీకోసరం ఆగదురా. నా కెమెరా తీస్కోని పో" అన్నాడు. అన్న ఎర్రగుంట్లలో రైలెక్కాడు. వాడు వెళ్ళాక, నీకు వాడిమీద కోపం రాలేదా మామా అని అడిగాను.

"శానా వచ్చింది పాపా. ఇప్పుడూ ఉంది. వాణ్ణి జూపించింటే తలకాయే తీసింటారు. నా కాడ కన్నుతో పోయింది."

ఆ తర్వాత కూడా ఎడమకంటితోనే ఎందరికో నేర్పాడు. మా అన్న పెద్ద ఛాయాగ్రాహకుడయ్యాడు. మామకు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. మామ పోయినప్పుడు టెలిగ్రాం ఇస్తే షూటింగు ఉందన్నాడు. వాడికి జరిగిన సన్మానానికి నన్నూ పిలిచారు, వెళ్ళాను. మీ గురువెవరని ఎవరో అడిగితే, నవ్వుతూ, నా కళ్ళే నా గురువులు అన్నాడు. హాలంతా చప్పట్లతో మోగింది. నేను లేచి బయటికి వచ్చేశాను. మళ్ళీ వాడి గడప తొక్కలేదు.

మంచి చేస్తే మంచే జరుగుతుందని నా పిల్లలకు నేనెన్నడూ చెప్పలేదు. అది పచ్చి అబద్ధమని ఆ స్టూడియోలోనే నాకు తెలిసిపోయింది. పోయేది పోతుందని, ఎవడూ తలుచుకోడని తెలిసే చేయండి అని మాత్రం చెప్పాను. ఆ మాట నెమ్మదిగా చెప్పడం నాకు ఈ వయసులో కూడా చేతకాదు. ప్రతిసారీ కోపంగానే చెబుతాను.