ఓవెన్ వేడి తగ్గించిన మధ్యాహ్నం

ఎనిమిదేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తాడేపల్లిగూడెంలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో ఓవెన్ పని నాది. మస్తాన్ గారు రాగితీగ చుట్టి ఇస్తే, నేను వార్నిష్ పట్టించి ఎనిమిది గంటలు వేడిగాలిలో ఆరబెట్టాలి. లోపల తడి మిగిలితే మోటారు కాలిపోతుంది.

మస్తాన్ గారికి పళ్లనొప్పి. చల్లారిన అన్నం నమలలేక సగం వదిలేసేవారు. చూడలేకపోయాను. ఒక మధ్యాహ్నం, ఓవెన్‌లో చేపలచెరువు నీళ్లకి గాలందించే ఏరేటర్ మోటారు ఆరుతుండగా, ఆయన క్యారేజీకి గుడ్డ చుట్టి కింది అరలో పెట్టాను. మూత రబ్బరు కరుగుతుందని వేడి బాగా తగ్గించాను. ఆయన కడుపునిండా తిన్నారు. ఇద్దరం కబుర్లు చెప్పుకుని నవ్వుకున్నాం. వేడి మళ్లీ పెంచడం మరిచిపోయాను.

సాయంత్రం మోటారు తీస్తూ, వేడి తక్కువలోనే ఉండిపోయిందని చూసుకున్నాను. పైకి ఆరినట్టే ఉంది. మళ్లీ పెడదామా? పెడితే ఎందుకో యజమానికి చెప్పాలి. పంపించేశాను.

నాలుగో రోజు కొల్లేరు వైపు నుంచి ఆ చెరువు రైతు మోటారు పట్టుకుని వచ్చారు. అది కాలిపోయి, గాలందక చేపలన్నీ చచ్చి తేలాయట. ఆయన అరవనైనా అరవలేదు.

యజమాని నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఎనిమిది గంటలూ ఓవెన్‌లో ఉంచావా?"

"ఉంచానండీ."

అబద్ధం కాదు కదా? ఈ మాట చెప్పుకునే ఇన్నేళ్లూ నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

మస్తాన్ గారు కాలిన తీగను వేలితో తడిమారు. "నా చెయ్యే వణికిందేమోనండీ. వయసైపోతోంది కదండీ."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. మర్నాటి నుంచి ఆయన పనిలోకి రాలేదు. మళ్లీ తీగ ముట్టలేదట. ఇప్పుడు ఏలూరులో అల్లుడి గాజుల కొట్టులో కూర్చుంటున్నారని విన్నాను.

రెండుసార్లు ఏలూరు బస్సెక్కి, ధైర్యం చాలక దెందులూరులోనే దిగిపోయాను. ఏమని మొదలుపెట్టను? మీ అన్నం కోసమే అలా చేశానండీ అనా? అలా అంటే నా తప్పులో సగం తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టినట్టే కదా.

షాపులో ఇప్పుడు నాతో కూర్చుని తినేవాళ్లెవరూ లేరు. ఓవెన్ పక్కనే కూర్చుని చల్లారిన అన్నం తింటాను. ఆ వేళకి ఆయన గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

ఇక్కడైనా రాయనివ్వండి. మస్తాన్ గారి చెయ్యి వణకలేదు. వేడి తగ్గించింది నేను. తెలిసీ ఆ మోటారు పంపించింది నేను.