గోరింకలు తలలు దించి అరిచిన సాయంత్రం

గోరింకల అరుపు మారింది. బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్న నా చేయి అక్కడే ఆగిపోయింది. పక్క ఖాళీ స్థలంలోని కానుగ చెట్టు మీద ఆరేడు గోరింకలు తలలు కిందికి దించి, గొంతులు చించుకుని అరుస్తున్నాయి. అరుస్తూనే ఒక్కో కొమ్మ దాటుకుంటూ మా ప్రహరీ వైపు జరుగుతున్నాయి. కింద పార్కింగులో నా పిల్లలిద్దరూ ఆడుకుంటున్నారు.

ఆ చెట్టును నేను ఇష్టంతో చూసిన రోజు లేదు. గోపాలపట్నంలో ఈ అపార్ట్‌మెంటుకు వచ్చినప్పటి నుంచీ కాపలా కాస్తున్నట్టే చూశాను. మావారు స్టీల్ ప్లాంటులో షిఫ్టుకు వెళితే ఇంట్లో నేనూ, ఆరేళ్ల పాపా, మూడేళ్ల బాబూ. ఆ స్థలం నిండా తుప్పలు, వాటి మధ్య నడుమెత్తు పుట్ట. అక్కడి నుంచి ఏది బయల్దేరినా ముందు వచ్చేది మా గోడ దగ్గరికే. అందుకే, ఆకుల మీద నల్ల దుమ్ము పేరుకున్న ఆ చెట్టు మీద ఏది ఎందుకు అరుస్తుందో నాకు తెలిసిపోయింది. పిల్లి వస్తే ఉడత తోక ఎగరేస్తూ ఒకే చోట కూర్చుని అరుస్తుంది. డేగ వస్తే గోరింకలు ఒక్క కూత కూసి ఆకుల్లో దూరిపోతాయి. నేల మీద పాకేదాన్ని చూస్తే మాత్రం దాక్కోవు. కొమ్మ కొమ్మకీ దాని వెంటే వెళుతూ తిట్టి సాగనంపుతాయి. వానల్లో ఒక జెర్రిపోతు వెళ్లినప్పుడు చూశాను.

ఆ రోజు నాగుల చవితి. తుప్పలు కొట్టించండని నేను ఎప్పటి నుంచో అడుగుతుంటే, కింది వాటా పెద్దావిడ "సవితి ఎల్లిపోనీ" అంటూ వాయిదా వేస్తూ వచ్చింది. అపార్ట్‌మెంటులో ఆవిడ మాటే చెల్లుతుంది. పొద్దున్న అందరూ వెళ్లి పుట్టలో పాలు పోశారు, గుడ్లు వేశారు, నువ్వుల చిమ్మిలి పెట్టారు. మా గోదావరి వైపూ పాలు పోస్తాం. కానీ ఇక్కడ దీపావళికి కాల్చకుండా దాచిన బాంబుల్ని కూడా ఈ రోజు పుట్ట దగ్గరే కాలుస్తారు. ప్యాకెట్ల కొద్దీ పాలు కన్నం నిండి పొంగేదాకా పోసి, ఆ పక్కనే బాంబులు అంటించారు. నేను బాబు చెవులు మూసి ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇప్పుడు చేతిలో బట్టలతోనే మెట్లు దిగాను. పాప సైకిల్ తొక్కుతోంది. బాబు బంతి కోసం, గోడ వారగా పేర్చిన పాత టైల్స్ దగ్గర వంగి ఉన్నాడు. గోరింకలు సరిగ్గా వాడి నెత్తి మీది కొమ్మపై ఉన్నాయి. జబ్బ పట్టుకుని వాణ్ని వెనక్కి లాగేశాను. టైల్స్ సందులోంచి బుస వినిపించింది. తర్వాత పడగ లేచింది.

నా కేకకు జనం వచ్చారు. పెద్దావిడ కొంగు భుజాన కప్పుకుని పాముకు దండం పెట్టింది.

"ఏటమ్మా, పండగ పూట అలా అరిసేత్తన్నావు? తల్లి దర్శనమిచ్చింది. దండమెట్టుకో."

"బాబు చెయ్యి దాని ముందే ఉందండీ. పాములు పట్టే అతనికి ఫోన్ చేస్తున్నాను."

"సవితి నాడు పాముని పట్టిత్తావా? ఎవులికైనా ఏటైనా అయితే నువ్వు సమాదానం సెప్తావేటి?"

"పాలు సరిపోనేదేమో బావా, ఇంకో పేకెట్టు కోసం వొచ్చీసింది" అన్నాడు ఒకతను పక్కవాడితో. నవ్వుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పాల కోసం కాదు. మీరు దాని ఇంటి నిండా పాలు పోసి, గుమ్మంలో బాంబులు పేల్చారు. ఇంకెక్కడికి పోతుంది?"

"గోదారోల్లకి నోరెక్కువని ఇన్నాను గానీ, ఇంతని తెల్దు" అంది పెద్దావిడ.

ఫోన్లో పాములు పట్టే అతను కూడా అదే పాట పాడాడు. "ఇయ్యాల పట్టనమ్మా, రేపొత్తాను." ఈలోగా పాము టైల్స్ లోపలికి జారిపోయింది. వాళ్లు నన్ను ఒక్క పలకైనా కదపనివ్వలేదు. పైగా పెద్దావిడ పసుపు కుంకుమ చల్లి, గిన్నెలో పాలు తెచ్చి, నా పిల్లలు రోజూ ఆడుకునే చోట పెట్టింది. నేను ఆ గిన్నె ఎత్తి కాలువలో పారబోశాను.

పెద్దావిడ ఖాళీ గిన్నె లాక్కుంటూ అంది, "పాపం మూట కట్టుకుంతన్నావు. నీ పిల్లల మీదకే వత్తాది."

ఇలాంటి మాట నోటికెలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆవిడా ముగ్గుర్ని కన్న మనిషే. ఆ మాట వట్టిదని తెలిసి కూడా ఆ రాత్రి మంచాల కింద, బాత్రూమ్ తూము దగ్గర టార్చి వేసి చూశాను.

మర్నాడు పొద్దున్న పాప బూట్లు రెండుసార్లు దులిపి తొడుగుతుంటే అడిగింది: "అమ్మా, నువ్వు పాలు పారబోశావని పాము మన కోసం వస్తుందా?"

"రాదు. మనమెవరో దానికి తెలియదు. ఇల్లు తడిసిందని వచ్చింది." బాబును కూడా దగ్గరకు లాక్కుని చెప్పాను. "కింది వాటా మామ్మగారు రమ్మన్నా ఆ టైల్స్ దగ్గరికి వెళ్లొద్దు. పాము ఏమీ చెయ్యదని ఎవరు చెప్పినా వినొద్దు. గోరింకలు తలలు దించి అరిస్తే మాత్రం వినండి. ఉన్నచోటే ఆగిపోయి, నన్ను పిలవండి."